‘దొర’ శబ్దము: ముదిగొండ నుండి మన్యము వరకు పనిచోటుల తారతమ్యము

ముదిగొండ నేడు ఖమ్మము జిల్లాలో నొక మండల కేంద్రము. చరిత్ర చదివినవారికి ఈ పేరు వినినంతనే స్ఫురించునది ముదిగొండ చాళుక్యుల వంశము. వేంగీ చాళుక్యులకు సామంతులై క్రీ.శ. 9, 10 శతాబ్దులలో ఈ వంశమువారు ఈ సీమను పాలించిరి. వారి వంశక్రమమును దెలుపు కొఱవి శాసనము ప్రాచీనాంధ్ర గద్యమునకు చక్కని నిదర్శనముగా మన సాహిత్య చరిత్రలలో పేర్కొనబడుచున్నది. పత్రికలు చదువువారికి మాత్రము ముదిగొండ యనగానే జ్ఞప్తికి వచ్చునది వేఱొకటి. 2007 జూలై 28వ తేదీన, పేదలకు భూమి పంచవలెనని సాగిన ఆందోళన సందర్భమున, ఇచట పోలీసులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు గోల్పోయిరి. ఒకటి సామంతుడు ప్రభువునకు చేయు సేవను గూర్చిన స్మృతి, రెండవది భూమిలేనివాడు ప్రభుత్వము నెదుట నిలిచి అడిగిన దానిని గూర్చినది. పైవాడు, క్రిందివాడు అను భావము ఈ నేలపై వేయి సంవత్సరములలో ఎన్ని రూపములు దాల్చినదో విచారించుటకు ఈ గ్రామము మంచి ఆరంభస్థానమని మాకు తోచినది.

మేము ఇచట రాజకీయ చరిత్రను వ్రాయబూనలేదు. పనిచేయుచోట పనిచేయించువానిని పనివాడు ఏమని పిలిచెను, వాడు వీనిని ఏమని పిలిచెను, ఆ పిలుపు వెనుక నున్న బాధ్యత యెట్టిది అనునంతవరకే మా పరిశీలన. దీనికి ‘దొర’ అను ఒక్క శబ్దమును సాక్షిగా గైకొనెదము. కారణమేమన, ముదిగొండ నుండి బయలుదేరి ఈశాన్యముగా ఇల్లందు, కొత్తగూడెము మీదుగా గోదావరి దాటి భద్రాచలపు మన్యము చేరువఱకు గల నూటయేబది కిలోమీటర్ల లోపల ఈ శబ్దము మూడు వేర్వేరు పనిచోటులలో మూడు వేర్వేరు అర్థములతో వ్యవహరింపబడినది. మైదానమున భూస్వామి దొర, బొగ్గుగనిలో అధికారి దొర, అడవిలో కోయవాడే దొర.

శబ్దము తెలుగునకు మాత్రమే చెందినది కాదు. కన్నడమున ‘దొరె’, తమిళమున ‘తురై’ దీని సోదరములు. తమిళ కూలీలు సింహళపు తేయాకు తోటలలో తోట యజమానుని ‘పెరియ దొరై’ అనియు, అతని సహాయుని ‘చిన్న దొరై’ అనియు పిలిచిరి. తెలుగున దీని వ్యాప్తి ఇంకను పెద్దది. కాటను దొర, బ్రౌను దొర అని మనము ప్రేమతో చెప్పుకొనుచున్నాము. నిన్నమొన్నటి వరకును అచ్చు పుస్తకములలో ప్రభుత్వమునకు ‘దొరతనమువారు’ అను మాట వాడుకలో నుండెను. దొరయొక్క భావమే దొరతనము, అదియే ప్రభుత్వమైనది. పాలించుటకును పనిచేయించుకొనుటకును భేదము పాటింపని కాలపు ముద్ర ఈ ఒక్క సమాసమున నిలిచియున్నది.

మొదట మైదానమును జూతము. నిజాము రాజ్యమున వరంగల్ జిల్లాలో భాగమైన ఈ సీమ 1953లో ఖమ్మము జిల్లాగా నేర్పడినది. దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు, జాగీర్దారులు, వారి క్రింద పటేలు పట్వారీలు గల ఈ వ్యవస్థను వేఱుగా వర్ణింప నక్కరలేదు. మధిర తాలూకా కల్లూరు దేశ్‌ముఖునకు లక్ష యెకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణా పోరాట గ్రంథమున వ్రాసెను. అంత భూమిని కూలియిచ్చి సాగుచేయించుట యెంతటివానికైనను దుస్తరము. దానిని నడిపినది వెట్టి.

‘వెట్టి’ సంస్కృత ‘విష్టి’ శబ్దభవమని సామాన్యముగ అంగీకరింపబడినది. విష్టి అర్థశాస్త్రమునందును గలదు. కావున వెట్టిని నిజాము కాలపు సృష్టిగా భావింపరాదు. కాని తెలంగాణమున ఇది కులమునకొక పనిగా, పనికొక కులముగా విభజింపబడి, ఏ వృత్తివానికిని తప్పించుకొను సందు లేనట్లు అల్లబడినది. కుమ్మరి కుండలు ఇచ్చుటయే గాక, గడికి వచ్చిన అధికారులకు నీళ్లు మోయవలెను. చాకలి బట్టలుతుకుటయే గాక, దంచుటయు విసరుటయు చేయవలెను. గీతవారు కల్లును, గొల్లలు గొఱ్ఱెను ఉచితముగ నియ్యవలెను. బోయీలు మేనా మోయవలెను. మాదిగలు చెప్పులు, మోటకు తోలును సమకూర్చి, కబురు మోసుకొని పొరుగూరికి పరుగెత్తవలెను. గిర్దావరు, తాసీల్దారు, పోలీసు అమీను ఊరికి వచ్చిన దినమున ఎవ్వరి పొలముపని వారిది కాదు. దొర కుమార్తె అత్తవారింటికి పోవునప్పుడు ఆమెతో ‘ఆడబాప’గా పంపబడిన బాలికకు పనివేళ యనునది లేదు, పనికి అంతమును లేదు.

ఇట్టి పనిచోట వినబడిన మాట ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అనునది. బాంచ యనగా దాసి, దాసుడు. తెలంగాణమునకు వెలుపలివారు పలువురు ఈ మాటను విని, ఇది ఈ జనుల స్వభావమని, తరతరముల వినయమని నిర్ణయించిరి. మేము దీనితో ఏకీభవింపజాలము. వెట్టివానికి కూలి యెంతయని అడుగు హక్కు లేదు. ఏ పని చేయవలెనో, ఎంతసేపు చేయవలెనో ముందుగా తెలియదు. దెబ్బ పడునో పడదో అనునది దొర చిత్తవృత్తిని బట్టి యుండును. ఏ నియమమును లేనిచోట మనుష్యుని కాపాడగలది ఎదుటివాని దయ యొక్కటియే. ఆ దయను లేపుటకు వాడబడిన మాట ఇది. దీనిని విశ్వాసముగా గాక ఆత్మరక్షణ సాధనముగా చదువుట న్యాయమని మా యభిప్రాయము. ఈ మాట పలికినవారే ఊరు విడిచి పోయిరి, పని యెగవేసిరి, రాత్రివేళ సంఘపు సభలకు చేరిరి. స్వభావమే యైనచో ఇవి యెట్లు సంభవించును?

1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్రజనసంఘము చేసిన మంచిపనులలో నొకటి వెట్టిని గూర్చి ప్రజలకు తెలియజెప్పుట. వెట్టిని నిషేధించుచు, కూలి చెల్లింపుమని ప్రభుత్వమే ఇచ్చిన ఉత్తరువులు కాగితముపై నుండెను. అవి ఉర్దూలో నుండెను గనుక పల్లెలకు చేరలేదు. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు వానిని తెలుగున ప్రచారము గావించిరి. భాష తెలియకపోవుటయు అణగియుండుటకు కారణమగునను సంగతి తెలుగు శాఖకు చెందిన మనవంటివారు గుర్తింపదగినది. తరువాత 1930లో జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్రమహాసభ మూడవ సమావేశము 1934లో ఈ ఖమ్మమునందే జరిగెను. అప్పునకై జీతముండు ‘భగేలా’ల విషయమున 1936లో నొక శాసనము వెలువడెను. శాసనమునకును పొలమునకును మధ్య దూరము మిక్కుటముగ నుండెననుట తరువాతి చరిత్ర చెప్పుచున్నది. 1946 మొదలు 1951 వఱకు సాగిన సాయుధపోరాటము, 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము, అదే సంవత్సరమున అమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 23వ అధికరణము—ఇన్ని కలిసినగాని గడి వాకిట నిలువు చేతులు దిగలేదు.

ఇక రెండవ పనిచోటు. 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు కింగ్ ఇల్లందు పరిసరములలో బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ యేర్పడి, 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో ఇది సింగరేణి కాలరీస్ కంపెనీ యైనది. 1937లో కొత్తగూడెమున గనులు తెఱవబడినవి. 1945లో కంపెనీ వాటాలలో అధికభాగమును నిజాము ప్రభుత్వము కొనెను.

తెలంగాణపు పల్లెవాడు గనిని ‘బాయి’ యన్నాడు. నీళ్లబావివలె నేలలోనికి దిగునది గనుక ఆ మాట సరిపోయినది. అధికారిని దొర యన్నాడు. మొదటి దొరలు తెల్లవారు. తరువాత దేశీయులైన అధికారులు వచ్చినను పిలుపు మాఱలేదు. ఈ రెండు మాటలును పల్లె నుండి తెచ్చుకొన్నవే. కాని బాయిలోని దొరతనము గడిలోని దొరతనము వంటిది కాదు. ఇచట హాజరు పట్టిక యున్నది, వేళ యున్నది, కూలికి లెక్క యున్నది. బొగ్గు ఎత్తు ఫిల్లరు చేతి పనిముట్లైన తట్టయు చెమ్మసును కలిసి ‘తట్టాచెమ్మస్’ అను మాటయై ఆ పనికే పేరైనవి; ఆ పనికి ఎన్ని టబ్బులు నింపవలెనో లెక్క యుండెను. లెక్క యున్నచోట వాదము పుట్టును. ఇది మొదటి భేదము.

రెండవ భేదము ఇంకను సూక్ష్మమైనది. భూమిలోపల పైకప్పు కూలవచ్చును, వాయువు మండవచ్చును. కావున మేనేజరు, అండర్‌మేనేజరు, ఓవర్‌మెన్, సర్దారు అను సోపానము చట్టముచే నిర్ణయింపబడినది. 1952 నాటి గనుల చట్టమును, 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలును ఏ మెట్టువానికి ఏ బాధ్యతయో చెప్పినవి. సర్దారు ఒక పనిస్థలము ప్రమాదకరమని తలచినచో మనుష్యులను అచటినుండి తప్పింపవలెను. ఆ మాట వినుట వంగి నమస్కరించుట వంటిది కాదు, ప్రాణము దక్కించుకొనుట. మఱియు సర్దారు ఏ కులమున పుట్టెనని గాక, ఏ పరీక్ష యందు ఉత్తీర్ణుడయ్యెనని చట్టము అడుగును. తట్ట పట్టినవాడు అనుభవముపై పరీక్ష నిచ్చి సర్దారు కావచ్చును. గడిలో చాకలి యెన్నడును పట్వారీ కాజాలడు.

అట్లని కంపెనీ దొరతనము నిష్కళంకమని మా యభిప్రాయము కాదు. పల్లెనుండి పిలుపుతోబాటు తిట్టును ప్రయాణము చేసినది. అధికారి ‘ఏరా’ యనుట, కొట్టవచ్చుట నిమిత్తముగా గనివారు పని నిలిపిన సందర్భములు కార్మికోద్యమ చరిత్రలో పెక్కులు. 1981లో, ఒకనాటి అక్రమసమ్మెకు ఎనిమిది దినముల వేతనము కోయుటను ప్రతిఘటించుచు జరిగిన సమ్మె 56 దినములు సాగెను. 1990 ప్రాంతమున సింగరేణిలో ఏడాదికి వందలకొలది చిన్న పెద్ద సమ్మెలు జరిగెను. 1998లో గుర్తింపు సంఘమును రహస్యపు ఓటుచే ఎన్నుకొను పద్ధతి వచ్చెను. గమనింపదగిన దేమన, ఇంత జరుగుచుండగను ‘దొర’ యను పిలుపు చాలకాలము అట్లే నిలిచెను. ఉదయము దొరా యని పిలిచి మధ్యాహ్నము పని నిలిపిన కార్మికునియందు మాకు వైరుధ్యమేమియు కానరాదు. పిలుపునుండి లోబడుట తొలగిపోయినది. పెంకు మాత్రము మిగిలినది.

సైబీరియాలోని లేనా బంగారుగనుల సంగతి ఇచట స్మరింపదగినది. 1912లో ఆ గనులవారు సమ్మె చేసి, పనిగంటలు, వేతనము, చెడిపోయిన మాంసము మొదలగువానితోబాటు, అధికారులు తమను ‘నీవు’ అని గాక ‘మీరు’ అని సంబోధింపవలెనని కోరిరి. ఆ సమ్మెపై సైనికులు కాల్పులు జరుపగా వందకు మించినవారు మరణించిరి. అయిదేండ్లకు, 1917 మార్చిలో పెట్రోగ్రాడు సోవియట్టు వెలువరించిన మొదటి ఉత్తరువులో, అధికారులు సైనికులను ‘నీవు’ అనరాదని నియమింపబడెను. అనగా అచట క్రిందివాడు గౌరవ బహువచనమును తనకును పంచుమని అడిగెను. స్వీడనులో జరిగినది దీనికి విపర్యయము. 1967లో ఆ దేశపు వైద్యశాఖాధిపతిగా పదవి స్వీకరించిన బ్రోర్ రెక్సెడ్ తన క్రింద పనిచేయు వారందఱిని ‘నీవు’ అనియే పిలుతునని ప్రకటించెను. తననును అట్లే పిలువుమనెను. క్రమముగా దేశమెల్ల ఏకవచనము వ్యాపించెను. రెండుచోట్లను కోరినది సామ్యమే. ఒకచోట అది బహువచనమున దొరకినది, మఱియొకచోట ఏకవచనమున.

ఈ రెండవ మార్గము మనకు క్రొత్త కాదనుటకే మూడవ పనిచోటికి, అనగా గోదావరి ఒడ్డునకు పోవలసియున్నది. భద్రాచల ప్రాంతమును నిజాము 1860లో ఇంగ్లీషువారికిచ్చెను. మొదట మధ్యపరగణాలలోను, 1874 నుండి మదరాసు రాష్ట్రమునను ఉండి, 1959లో అది ఖమ్మము జిల్లాలో చేరినది. ఆ కాలమంతయు నదికి ఈవల నిజాముది, ఆవల కుంఫిణీ వారసులది. రెండు ఒడ్డులందును కోయలు, కొండరెడ్లు.

మైదానపు తెలుగువారు కోయలను ‘కోయదొరలు’ అనిరి. విశాఖ మన్యమున ‘కొండదొర’ ఒక తెగ పేరే యైనది. 1879 నాటి రంప పితూరీలో తమ్మన్నదొర, 1922లో అల్లూరి సీతారామరాజుతో నిలిచిన గాము గంటందొర, గాము మల్లుదొర—వీరి పేళ్లలో ఈ శబ్దము అంతర్భాగము. ఇచట దొర యనగా మఱియొకనిచే పనిచేయించుకొనువాడని కాదు. తన నేలపై తానున్నవాడని. కోయగూడెమునకు పెద్ద గలడు, పూజారి గలడు, వారిమాట చెల్లును. కాని పెద్ద పొలమున ఊరివారు జీతములేక పనిచేయవలెనను కట్టడి గడిలో వలె లేదు. విత్తనముల పండుగ నాటి వేట ఊరి కంతటికిని చెందినది. ఒకని పొలములో పదిమంది కలిసి పనిచేసి, మఱునాడు ఇంకొకని పొలమునకు పోవు బదులుపని వారికి సహజము. పెద్దఱికము గలదు, దానికి చాకిరి చెల్లింపు లేదు.

మన్యపు తెలుగున అధికారినైనను ‘నువ్వు’ అనుట మైదానమువారికి వింతగను మోటుగను తోచుచుండును. మన కావ్యభాషను ఒకసారి జ్ఞప్తికి దెచ్చుకొందము. అందు రాజునైనను దేవునినైనను ‘నీవు’ అనియే సంబోధింతురు. కవి ప్రభువును ‘నీవు’ అన్నచో అది అవినయముగా నెవ్వరును ఎంచలేదు. ఒక్కనికి ‘మీరు’ అను గౌరవ బహువచనము తెలుగున తరువాతి కాలమున బలపడిన మర్యాద. కావున అడవివాని ‘నువ్వు’ను అనాగరికత యనుటకంటె, ఆ మర్యాద కొండ యెక్కలేదనుట యుక్తము.

అయినను, మాటలోని సామ్యము వారిని కాపాడినదా? లేదు. ఇదియే ఈ పరిశీలనయందు మమ్ము మిక్కిలి ఆలోచింపజేసిన విషయము. 1940 తరువాత ఈ కొండలలో తిరిగిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ 1945లో ప్రకటించిన కొండరెడ్ల గ్రంథమున, వెదురు, కలప కొట్టించు కంట్రాక్టరులు అప్పు పేర వారినెట్లు కట్టివేసిరో వ్రాసెను. కొట్టిన వెదురు నదిమీద రాజమహేంద్రవరమునకు పోవును. కొట్టినవాని పోడు బీడుగ నుండును. లెక్క వ్రాయువాడొకడు, లెక్క తెలియనివాడు మఱియొకడు. గూడెము సీమలో డిప్యూటీ తాసీల్దారు బాస్టియను రోడ్డుపనికి మన్యమువారిని నిర్బంధించి, తగు కూలి ఇయ్యకుండుట 1922 నాటి తిరుగుబాటునకు దగ్గఱి కారణములలో నొకటి. పేరులో దొర యున్నవాడు రాళ్లు మోసెను. వానిచే మోయించినవాడు దొరతనమువారి ఉద్యోగి. ఒకే శబ్దము ఎదురెదురుగ నిలిచిన క్షణమిది.

గడియందలి వెట్టివాడు వంగి పలుకుచు పరాధీనుడై యుండెను. మన్యపువాడు వంగక పలుకుచును పరాధీనుడయ్యెను. కాని ప్రతిస్పందనలో భేదము కలదు. తరతరముల చాకిరికి అలవాటుపడిన పల్లె తిరుగబడుటకు సభలు, కరపత్రములు, సంఘము, సంవత్సరముల పాటి కృషి కావలసివచ్చెను. అలవాటు లేని మన్యము ఒక రోడ్డుపనికే భగ్గుమనెను. తారతమ్యమును గూర్చిన భావము బలవంతుని ఆపజాలదు. బలవంతమును ఎంతవఱకు సహింపవచ్చునో అను హద్దును మాత్రము నిర్ణయించును.

గీర్ట్ హాఫ్‌స్టెడ్ అను డచ్చి విద్వాంసుడు 1980లో ప్రకటించిన గ్రంథమున, ఐ.బి.ఎం. సంస్థ ఉద్యోగులను వివిధ దేశములలో ప్రశ్నించి, క్రిందివారు పైవారి ఆధిక్యమును ఎంతవఱకు సహజముగ నంగీకరింతురో దేశమునకొక అంకెగా నిర్ణయించెను. భారతదేశమునకు 77, స్వీడనునకు 31, ఆస్ట్రియాకు 11. ఈ అంకెలు ప్రపంచమెల్లెడల వ్యాపారవిద్యాలయములలో పాఠమైనవి. పరదేశములలో పనిచేయు తెలుగువారికి, పై అధికారిని పేరుపెట్టి పిలువలేక తికమకపడు మన యువకులకు, ఇవి కొంత ఉపయోగపడిన పడియుండవచ్చును. కాని ముదిగొండ నుండి భద్రాచలమునకు పోవు బస్సులో కూర్చుండినవాడు ఒక్క పగటిలో దాటు దూరమున మూడు విధములైన దొరతనములు వర్ధిల్లినవి. వీనిలో ఏది 77? ఒక కార్యాలయపు ఉద్యోగులు చెప్పిన సమాధానము ఒక జాతి స్వభావము కాజాలదు. ‘బాంచన్’ అను మాటను విని తెలంగాణపు మనస్సును నిర్ణయించినవారు చేసినదియు ఇట్టిదే, అంకె లేకపోవుట యొక్కటే భేదము.

నేడు గడులు పెక్కు పాడుపడినవి. గనులలోను కచేరీలలోను ‘దొర’ స్థానమును ‘సారు’ ఆక్రమించినది. 2006లో ఉపాధి హామీ పథకము మొదటి విడత జిల్లాలలో ఖమ్మము చేరినప్పుడు, చెఱువు మట్టి తీయు కూలీలకు మస్టరు, మేటు, ఫీల్డు అసిస్టెంటు అను మాటలు పరిచయమైనవి. గనివారికి వందేండ్ల క్రిందట తెలిసిన హాజరు పట్టిక పొలము గట్టునకు అప్పుడు వచ్చినది. ‘సారు’ అను మాటలో దొర యెంత మిగిలియున్నాడో ఇంకను తేలవలసియున్నది.

1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశము నాగలి మేడికిని, మోటకును, కొడవలికిని జిల్లాకొక పేరును భద్రపఱచినది. ఆ పనిముట్లు పట్టినవారు పట్టించినవారిని ఏమని పిలిచిరో కూర్చు కోశము దానికి తోడు రావలసియున్నది. గడి పని చేసిన తరము దాదాపు గతించినది. తట్ట మోసిన ఫిల్లర్లు వృద్ధులైరి. మా విద్యార్థులలో ఖమ్మము, కొత్తగూడెము జిల్లాలవారు సెలవులకు ఇంటికి పోవునప్పుడు తాతలను అడుగవలసిన ప్రశ్నలు మూడు: పని చెప్పువానిని ఎదుట ఏమనిరి, చాటున ఏమనిరి, అతడు పిలిచినప్పుడు ఏమని పలికిరి.